మనూరోనికి మైకెందుకు?

నేను ఒక మైకును. సరిగ్గా చెప్పాలంటే, మైకులో పలికిన మాటను ఊరంతటికీ వినిపించే అల్యూమినియం గొట్టాన్ని. జనం నన్నే మైకు అంటారు కాబట్టి నేనూ అలాగే చెప్పుకుంటున్నాను. పుట్టిన దగ్గర్నుంచి ఎవడో చెప్పింది అరవడమే నా పని. పెళ్ళయితే పెళ్ళిపాట, చావయితే తత్వం, ఎన్నికలొస్తే అబద్ధం. ఈ ఒక్కసారి నా సొంత మాట చెబుతాను. ఒళ్ళు మండిపోయి చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో నన్ను సాగగొట్టి, అంచు మడిచి, బూడిదరంగు పూశారు. అక్కడి నుంచి పెద్దపల్లి వైపు వావిలకుంటకు నన్ను తెచ్చుకున్నవాడు దూడపాక ఓదెలు. వాన పడితే తాను తడుస్తూ నా మీద గోనెసంచి కప్పేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ ఆటోకు నన్ను కట్టేవాడు, పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ. కూటి కోసం కోటి విద్యలు, అందుకు నేనేమీ అనుకోలేదు.

అసెంబ్లీ ఎన్నికలప్పుడు నా దర్జాయే వేరు. వావిలకుంట గల్లీ గల్లీ తిరిగి ఒక పార్టీ గుర్తు గొంతు చించుకుని చెప్పాను. ఊరు ఆ పార్టీకే గంపగుత్తగా ఓట్లు గుద్దింది, ఆ పార్టీయే గద్దెనెక్కింది. పింఛను ఆగకూడదని కొందరు, అవతలి పార్టీ మీద విసుగుతో కొందరు. ఎవరి లెక్క వారిది. ఆ పార్టీ మండల నాయకుడు వెంకట్రాజం మాత్రం ఊరు తన జేబులో ఉందనుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, వాడకట్టులో ఎవరి ఇంటి గడపా తొక్కి ఎరగడు.

ఏడాది తిరిగేసరికి సర్పంచి ఎన్నికలొచ్చాయి. వీటిలో పార్టీ గుర్తులు ఉండవు, పార్టీలు వెనక నిలబడి తోస్తాయి, అంతే. వెంకట్రాజం తన అన్న కొడుకు సతీష్‌ను నిలబెట్టాడు. ఎదురుగా నిలబడింది బీడీలు చుట్టుకుని బతికే బొజ్జ రాజవ్వ. అంతకుముందు వానాకాలంలో ఊళ్ళో పింఛను ముసలమ్మ లచ్చవ్వ పెద్దకోడలికి నొప్పులొస్తే, పొంగిన వాగులో రొమ్ముల లోతు నీళ్ళలో మంచం పట్టుకుని దాటించింది ఈ రాజవ్వే. అవతలి ఒడ్డున అంబులెన్సు ఎక్కేసరికి ఆలస్యమైపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ వాగు మీద వంతెన కావాలని ఆ ఊరు ఎన్నాళ్ళుగా మొత్తుకుంటోందో నాకు తెలుసు, ఆ మొర కూడా నా గొంతుతోనే చాటారు.

సర్పంచి ఓటు అడగడానికి ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. అభ్యర్థి ఇంటింటికీ పోవాలి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టాలి, అత్తా, వదినె, చిన్నమ్మా అని వరుస పెట్టి పిలవాలి. రాజవ్వ కుంకుమ భరిణె పట్టుకుని తిరిగింది. వెంకట్రాజం ఏం చేశాడయ్యా అంటే, నన్ను ఆటోకు కట్టించి లచ్చవ్వ గల్లీలో "మీ అభిమాన నాయకుడు, యువకిశోరం సతీష్ గారు" అని అరిపించాడు. ఆ కిశోరం ఇల్లు ఆ గల్లీలోనే ఉంది! లచ్చవ్వ అరుగు దిగి ఆటోకు అడ్డం నిలబడింది.

"ఓ ఓదెలూ, బంద్ చెయ్‌రా దాన్ని! సతీషు ఎవరో మాకు ఎర్కలేదా? మనూరోనికి మైకెందుకు? ఇంటికొచ్చి అడగనీకి కాళ్ళు లెవ్వా?"

గల్లీ అంతా నవ్వింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రాజవ్వ గెలిచింది. మర్నాడు పంచాయతీ ముందు వెంకట్రాజం చిందులు తొక్కాడు. "మొన్న మాకేసి, ఇయ్యాల ఆమెకేస్తరా? మిమ్ముల ఎవరు కొన్నరే?" తనకు పడితే తీర్పు, పడకపోతే అమ్మకం! జనాన్ని అంత మాటన్న నోటికి పురుగులు పడవు కదా, అదీ నా బాధ. లచ్చవ్వే జవాబిచ్చింది.

"మీది దూరపు ఓటు రాజం. గద్దె మీద ఎవరుంటే మా పింఛన్లు నడుస్తయో చూసి ఏసినం. ఇది ఇంటి ఓటు. ఊరికి పోయేటప్పుడు తాళంచెవి పక్కింటోళ్ళకు ఇస్తం గని, పట్నపోళ్ళకు ఇస్తమా?"

అతను ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు వాగు ఒడ్డున వంతెనకు శంకుస్థాపన అన్నారు. షామియానా వేశారు, నన్ను వెదురు బొంగుకు కట్టారు. అందరూ కూర్చున్నాక వెంకట్రాజం బయటపెట్టాడు. రాజవ్వ పార్టీ కండువా కప్పుకుంటేనే వంతెన, లేదంటే అది పక్క ఊరికి పోతుంది. అడుక్కుంటున్నట్టు కూడా కాదు, దారికాచి దోచుకుంటున్నట్టు అడిగాడు.

రాజవ్వ మైకు అందుకుంది.

"కప్పు రాజమన్నా. మెడ నాది, కప్పు. గని ఊరికి కప్పిన అనుకోకు. ఊరోళ్ళు నన్ను అడిగి మీకు ఓటెయ్యలే, నిన్ను అడిగి నాకు ఎయ్యలే. నాకు వంతెన గావాలె, అంతే."

ఆ మాట రెండు ఒడ్లకూ వినిపించాను. నా బతుకులో అంత శుభ్రమైన మాట పలకలేదు. బంద్ చెయ్యమని వెంకట్రాజం సైగ చేస్తే ఓదెలు వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. వెంకట్రాజం కోపం పట్టలేక వైరు గుంజాడు. బొంగు కూలి, నేను పోయి శంకుస్థాపన రాయి మీద పడ్డాను. అంచు నుంచి గొంతు దాకా చీలిపోయాను.

కండువా కప్పారు, ఫోటో దిగారు. "అభివృద్ధికి ఆకర్షితురాలై చేరిక" అని పేపర్లో వేశారు. అన్ని అబద్ధాలు అరిచిన నాకే ఆ మాట మింగుడుపడలేదు.

వంతెన రాలేదు. నాలుగు వానాకాలాలు పోయాయి, ఆ రాయికి బర్రెలు వీపు రుద్దుకుంటున్నాయి. రాజవ్వ ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకుంది. నేను ఓదెలు పెరట్లో పాత సామాను కుప్ప మీద పడి ఉన్నాను, నాలో కోళ్ళు పొదుగుతున్నాయి.

మళ్ళీ అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. లచ్చవ్వ ఏదో పని మీద వస్తే ఓదెలు అడిగాడు.

"పెద్దమ్మా, ఈసారన్న వాళ్ళకు బుద్ధి చెప్తరా?"

"ఎట్ల చెప్తం బిడ్డా? ఓడగొడితే ఆ రాయి గూడ పీక్కపోతరు. మా చిన్నకోడలికి నెల తప్పింది. కాన్పు వానలల్ల వస్తది."

ఊరు మళ్ళీ ఆ పార్టీకే వేసింది. పల్లెజనం ఓటుకు ఒక తలా తోకా ఉండదని టీవీలో చదువుకున్నవాళ్ళు నవ్వుకుంటున్నారు. ఓదెలు కొన్న కొత్త మైకు గోడవతల ఊరేగింపులో అరుస్తోంది, ఇది ప్రజల గుండెల్లో ఉన్న ప్రేమ అట! నాకు గొంతే మిగిలి ఉంటే ఆ ఊరేగింపు ఆపి చెప్పేదాన్ని. లచ్చవ్వ వేసిన ఓటు పుట్టబోయే ఆ బిడ్డ వాగు దాటడం కోసం.