కండక్టరమ్మ కుడిచెయ్యి

ఆరింటి బస్సులో కండక్టరమ్మ టికెట్లు కొట్టేది. ఎవరికైనా క్షయ ఉంటే వాళ్ల చెంపా కొట్టేది. నిజానికి కొట్టేది ఆవిడ కాదు, ఆవిడ కుడిచెయ్యి. తొమ్మిదో ఏట ఆవిడకి ఆ జబ్బు వచ్చి తగ్గింది. ఆవిడ మర్చిపోయినా చెయ్యి మర్చిపోలేదు. దెబ్బ తిన్నవాళ్లు పెదవి మీద రక్తం తుడుచుకుని, "ఆసుపత్రి స్టాపుకి ఒకటివ్వమ్మా" అనేవారు. ఒక పోలీసాయనకి పన్ను రాలింది. ఆయన మందులు మింగి బతికి, కట్టుడు పన్నుతో నవ్వుతూ రోజూ అదే బస్సెక్కేవాడు.

యాభై నాలుగో ఏట ఆవిడకి సుగర్ వచ్చింది. చెయ్యి మందగించింది. దగ్గు పట్టుకుంది.

"దుమ్ము," అంది ఆవిడ. "ఒకసారి వచ్చిపోయిన జబ్బు మళ్లీ నా గడప తొక్కుతుందా?" అందరూ నిజమేననుకున్నారు.

అప్పుడే కూతురు నాలుగు నెలల పాపతో పుట్టింటికొచ్చింది. అమ్మమ్మ పాపని ఎడమచేత్తో ఎత్తి గుండెకి హత్తుకోగానే కుడిచెయ్యి పిడికిలి బిగించి విసురుగా వచ్చిపడింది. పాప తలకి బెత్తెడు దూరంలో, అమ్మమ్మ పక్కటెముకల మీద.

కూతురు కెవ్వుమంది. పాపకి పరీక్షలు చేయించారు. ఏమీ లేదు. మర్నాడు మళ్లీ దెబ్బ.

"దానికి వయసైపోయిందమ్మా, గురి తప్పుతోంది," అని కూతురు ఏడ్చింది. "రేపు తప్పకపోతే నా బిడ్డ తల పగిలిపోదూ?"

కండక్టరమ్మ డిపోకెళ్లి, చెయ్యి బస్సు తలుపు సందులో పెట్టి, "వెయ్యి తమ్ముడూ," అంది డ్రైవరుతో.

"పిచ్చా అక్కా నీకు?"

ఆవిడే ఎడమచేత్తో తలుపు లాగి కొట్టింది. వేళ్లు ఎండుపుల్లల్లా పటపటా విరిగాయి.

చెయ్యి తలుపు సందులోంచి విడిపించుకుని బయటికొచ్చింది. విరిగిన వేళ్లతోనే ఆవిడ రొమ్ము మీద దబదబా బాదింది. చంకలో పాప లేదు. అయినా బాదింది. ఎముక విరిగిన చప్పుడు డ్రైవరుకి వినిపించింది. ఆవిడ నోట్లోంచి రక్తం పడింది.

ఆసుపత్రిలో విరిగిన ఎముక కోసం ఎక్స్‌రే తీశారు. ఎముక వెనకాల ఊపిరితిత్తిలో నిమ్మకాయంత తెల్లమచ్చ కనిపించింది.

"పాత జబ్బేనమ్మా," అన్నాడు డాక్టరు. "చావలేదు, ఇన్నాళ్లూ లోపల దాక్కుంది. ఆరు నెలలు మందులు వాడాలి. ఇంకొన్నాళ్లు ఆగితే పాపకి అంటుకునేది."

కూతురు పాపని గుమ్మం అవతలే ఉంచింది. కండక్టరమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. ఇక పిడికిలి బిగుసుకోదని డాక్టరు చెప్పేశాడు.

"నలభై ఐదేళ్లు కాపలా కాసిందే," అంది కూతురితో. "దాన్ని తీసుకెళ్లి తలుపులో పెట్టానే!" అని బావురుమంది.