నలుగురు గీసిన చెట్లు

కొబ్బరిచెట్టు మీంచి కల్లుగీత పాట వినబడితే చాలు, నర్సు రోటియా ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తుంది. ఇయోతెబా తాత ఉన్నప్పుడు నడిసముద్రంలోని ఆ చిన్న దీవిలో తెల్లారేదే ఆయన పాటతో. క్షయ పట్టిన ఏడాది మాత్రం దగ్గొచ్చి పాట మధ్యలోనే తెగిపోయేది.

ఆ ఏడాది దీవి మొత్తానికి క్షయ రోగులు ఐదుగురే. ఆరు నెలలు రోజూ ఎదుట కూర్చుని మాత్రలు మింగించింది రోటియా. ఆఖరి నెలకి తాత పాట తెగకుండా సాగింది. ఆమెకి ఆ పాటే చాలు. మందులకి డబ్బిచ్చే దూరదేశం వాళ్ళకి మాత్రం తెమడ పరీక్ష కాగితం కావాలి. నూటికి తొంభైమందికి నయమైనట్టు చూపిస్తేనే వచ్చే ఏటికి మందులు. ఐదుగురిలో ఒక్కరి కాగితం లేకపోయినా నూటికి ఎనభయ్యే కదా! నలుగురి కాగితాలు వచ్చాయి. తరావా పెద్దాసుపత్రికి పంపాల్సిన తాత తెమడ డబ్బా మాత్రం విమానం రాక రెండుసార్లు పాడైపోయింది.

"తాతా, పడవొచ్చింది. తరావా వెళ్ళి పరీక్ష చేయించుకురా."

"వాళ్ళనే ఈ చెట్టు కిందకి రమ్మను. పాడి వినిపిస్తా."

"వాళ్ళకి చెవుల్లేవు తాతా, కళ్ళే ఉన్నాయి. కాగితమే చూస్తారు."

"పది రోజులు నా చెట్లెవరు గీస్తారే? రెండు పూటలా గీయకపోతే గెల ఎండిపోద్ది. నా మనవరాలు తాగేది ఆ పులియని తియ్యకల్లే."

తన చెట్టు మీద పరాయి కత్తి పడనిచ్చే మనిషి కాదాయన. తాత కాగితం రాకపోతే వచ్చే ఏటికి మందులుండవని రోటియా ఊరి సభలో నిలబడి ఉన్నమాట చెప్పేసింది. నయమైన నలుగురూ లేచారు.

"మేం గీస్తాం" అన్నాడు లావుపాటి కబునరే.

"నువ్వెక్కితే చెట్టే దిగొస్తుందిరా!" అన్నాడు తాత. సభంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, నడుముకున్న కత్తి తీసి వాడి చేతిలో పెట్టాడు.

పది రోజులూ ఆ చెట్ల మీంచి నాలుగు బండ గొంతులు మోగాయి. పసిదాని కల్లులొట్టి ఒక్కపూటా ఖాళీగా లేదు. పదకొండో పొద్దున పడవ ఇంకా ఒడ్డు తగలకముందే తాత కేక.

"నా చెట్టు మీద ఆ అరుపేంట్రా! మేకనెక్కించారా?"

ఆ తర్వాత గానీ కాగితం తీయలేదు. రోగం లేదు. ఐదుకి ఐదు. మందులు వచ్చాయి.

తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆ చెట్లు ఇప్పుడు కబునరే కొడుకు గీస్తున్నాడు. రోటియా పాట చివరిదాకా వింటుంది. దగ్గు రాలేదని నమ్మకం కుదిరాకే మళ్ళీ చాప అల్లిక అందుకుంటుంది.