కదలని ముల్లు

నేను ఒక దిక్సూచిని. ఇత్తడి ఒళ్ళు, గాజు మూత, మధ్యలో సూదిమొన మీద తిరిగే ఉక్కు ముల్లు. అరచేతిలో సరిగ్గా ఇమిడిపోతాను. నా గుణం గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది మీరు ఇంకొకరి నోట వినడం నాకిష్టం లేదు. నాకు కుళ్ళెక్కువ. నా పక్కనున్న వస్తువును ఎవరైనా మెచ్చుకుంటే ఆ రోజంతా నా మనసు మనసులో ఉండదు.

రూర్కీలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన ముల్లును ఎన్నిసార్లు ఎత్తి దించాడో లెక్కలేదు. అది అటూ ఇటూ ఊగి, మెల్లగా ఉత్తరాన్ని పట్టుకున్నాక గానీ మూత బిగించలేదు. అంత శ్రద్ధ నా ఒక్కదాని మీదేనని పొంగిపోయాను. మర్నాడు నా పక్కదాన్ని చేతిలోకి తీసుకుని దానికీ అదే మర్యాద చేశాడు. నా కుళ్ళు అక్కడ మొదలైంది.

భీమవరం సర్వేయరు కామేశంగారి దగ్గర పాతికేళ్ళు పనిచేశాను. అక్కడ మూడు కాళ్ళ మీద నిలబడే దుర్భిణీ యంత్రం ఒకటుండేది. దాన్ని మోయడానికి ఒక మనిషి, తుడవడానికి ఒక మెత్తటి గుడ్డ. నేను మాత్రం ఆయన చొక్కా జేబులో చెమటకు నానుతూ తిరిగేదాన్ని. కామేశంగారు రిటైరయ్యాక ఇల్లు కట్టించుకున్నారు. పని నచ్చి, అది కట్టిన మేస్త్రికి నన్ను బహుమానంగా ఇచ్చారు. ఆ మేస్త్రి పేరు సత్తిరాజు. నా అసలు జీవితం అతని చేతిలోనే.

సత్తిరాజు పునాదికి ముగ్గు పోసే ముందు స్థలం నడిమధ్యన తమలపాకు పరిచి, దాని మీద నన్ను కూర్చోబెట్టేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళ తాళంచెవులూ గొలుసులూ దూరంగా పెట్టించేవాడు. ముల్లు చాలాసేపు వణికితే ఆ నేలలో ఏదో దోషం ఉన్నట్టు, తొందరగా నిలకడపడితే నేల మనల్ని రమ్మని పిలిచినట్టు. ఇది అతని గురువు చెప్పిన మాట. ఏ పుస్తకంలో ఉందో నాకు తెలీదు, అడగలేదు కూడా. ఇంటి యజమానులు చేతులు కట్టుకుని నా వైపే చూసేవాళ్ళు, రసమట్టం, తూకపు గుండు ఓ మూల పడి ఉండేవి. ఇరవయ్యేళ్ళు మహారాణిలా బతికాను.

తరవాత ఫోనులోనే దిక్సూచి వచ్చింది. అది సత్తిరాజు భార్య హైమావతి ఫోను. అది పాటలు పాడుతుంది, దారి చెబుతుంది, ఫోటోలు తీస్తుంది, పనిలో పనిగా నా పని కూడా చేస్తుంది. నేను జీవితమంతా చేసిన ఒక్కగానొక్క పని దానికి తీరికవేళ సరదా అన్నమాట. దాన్ని చూస్తేనే నా ఒళ్ళు మండిపోయేది.

హైమావతి నర్సు. వృద్ధుల ఆశ్రమాల్లో పనిచేయడానికి రమ్మని న్యూజిలాండ్‌లో రెండు ఊళ్ళనుంచి ఆమెకు పిలుపు వచ్చింది. తూర్పు తీరాన నేపియర్ ఒకటి, దక్షిణాన కొండల మధ్య డునెడిన్ ఇంకొకటి. ఇద్దరూ ఆరేళ్ళ కూతురు తన్మయిని తీసుకుని బయలుదేరారు. తన్మయికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. చలీ చెమ్మా తగిలితే చాలు, ఊపిరి ఈల వేస్తుంది. కాబట్టి ఏ ఊళ్ళో, ఎలాంటి ఇంట్లో స్థిరపడాలన్నది వాళ్ళకు సరదా ప్రశ్న కాదు. ఏదో ఒకటి తేల్చి చెప్పడానికి ఆశ్రమాలవాళ్ళు పది రోజులు గడువిచ్చారు.

సలహాలకేం కొదవ? అక్కడి తెలుగువాళ్ళ వాట్సప్ గుంపులో ఒకరు గుడి దగ్గరుంటే చాలన్నారు. ఇంకొకరు గోంగూర దొరికే ఊరే ఊరన్నారు. మనవాళ్ళు లేనిచోట ఉంటేనే హాయి అని మరొకరు రాశారు, ఆయనా మనవాడే. హైమావతి అన్నీ చదివి, ఎవరికీ జవాబివ్వకుండా ఒక నోటుపుస్తకం తెరిచింది. ఏడాదిలో ఎండ ఎన్ని గంటలు, వాన ఎన్ని రోజులు, గోడలకు చెమ్మ ఎక్కుతుందా, ఆస్పత్రి ఎంత దూరం, బడి ఎంత దూరం అని గళ్ళు గీసి నింపుకుంటూ పోయింది. ఆ పుస్తకాన్ని ఆమె ఎంత ప్రేమగా నిమిరేదో చెప్పలేను. ఫోను చాలదన్నట్టు నాకు ఇంకో సవతి తయారైంది.

అసలు సంగతి ఇంకోటుంది. విమానం దిగిన రోజే నాలో ఏదో తేడా చేసింది. ముల్లు తోక కిందికి వాలి అడుగుపలకను రాసుకుంటోంది. తిరగబోతే పట్టేస్తోంది. పెట్టెలో ఎలా పడుకుంటే అలాగే ఉండిపోతున్నాను. ఎందుకో నాకు అర్థం కాలేదు, కానీ నేను పనికిరాకుండా పోయానని మాత్రం తెలిసింది.

ముందు నేపియర్‌లో ఒక ఇల్లు చూశారు. గుమ్మం దక్షిణానికి, వెనక గదికి గోడ పొడుగునా అద్దాలు. ఫోను దక్షిణమంది. నేనూ దక్షిణమే చూపించాను. చూపించానంటే గొప్పేం లేదు, పట్టేసిన ముల్లు అటు తిరిగి ఉంది, అంతే. ఆ దేశంలో నేను చెప్పిన ఒక్క నిజం అది. సత్తిరాజు గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాడు. దక్షిణ గుమ్మం ఇంట్లో పిల్లను పెట్టనన్నాడు.

తరవాత డునెడిన్. కొండవాలున చిన్న చెక్క ఇల్లు. తమలపాకు దొరక్క పెరట్లో రుమాలు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. నా ముల్లు ఇసుమంతైనా కదల్లేదు. సత్తిరాజు కళ్ళు మెరిశాయి.

"చూసేవా హైమా, ఒక్క వణుకు లేదు! తూర్పు గుమ్మం. ఇంత నిలకడైన నేల భీమవరంలో కూడా చూళ్ళేదు నేను."

"ఫోనులో పడమర అని చూపిస్తందండీ."

"ఫోనుకేం తెలుసు? ఇరవయ్యేళ్ళబట్టీ నా దగ్గరుంది ఇది. ఒక్క రోజైనా అబద్ధం చెప్పిందా?"

ఆ మాట అంటూ నన్ను చేతిలోకి తీసుకుని కాస్త వంచాడు. ఆ ఒరుగులో ముల్లు తోక పలకను వదిలి లేచింది. ఒక్క క్షణం నేను స్వేచ్ఛగా ఉన్నాను. తిరిగి ఉంటే ఫోను చెప్పిందే నిజమని తేలిపోయేది. నా ఎదురుగా ఆ నల్లటి మొహంది హైమావతి చేతిలో వెలుగుతూ ఉంది. అది గెలవడం నేను చూడలేకపోయాను. బిగదీసుకుని కూర్చున్నాను.

హైమావతి తన నోటుపుస్తకం వైపు చూసింది. ఎండ గంటల గడిలో డునెడిన్ చాలా వెనకబడి ఉంది. పుస్తకం మూసేసింది.

"మీ పనీ, మీ పేరూ అక్కడే వదిలేసి నా వెనకాల వచ్చేరు. ఈ ఒక్కటీ మీ మాటే కానివ్వండి" అంది.

అలా నేను గెలిచాను. పుస్తకం అలమారలో పడింది. నేను హాల్లో కిటికీ మీద కూర్చున్నాను.

అక్కడ కాలాలు తలకిందులు, మే నెలలో చలి మొదలైంది. ఆ ఇంటిమీద ఎండ పడేది కాదు. అద్దాల మీద నీళ్ళు కారేవి, గదుల మూలల్లో నల్లగా బూజు పట్టేది, సత్తిరాజు తుడిచిన రెండో రోజుకే మళ్ళీ వచ్చేది. తన్మయి దగ్గు ఆగలేదు. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు. నోట్లో పెట్టి పీల్చే మందు ఒకటిచ్చారు. దాన్ని రోజుకు నాలుగుసార్లు అందరూ వెతుక్కుంటూ వచ్చి చేతిలోకి తీసుకునేవాళ్ళు. నిజం చెబుతున్నాను, దాన్ని చూసి కూడా కుళ్ళుకున్నాను.

మంచం ఎటు వేస్తే పిల్లకు నయమవుతుందోనని సత్తిరాజు నన్నే అడిగాడు. ఒక గోడను తూర్పన్నాను. మర్నాడు అదే గోడను ఉత్తరమన్నాను. అతను నన్ను అనుమానించలేదు. తన చేయే సరిగ్గా లేదేమోనని ఇంకోసారి పెట్టి చూశాడు. మంచం నాలుగు వైపులా తిరిగింది. పిల్ల ఊపిరి ఈల వేస్తూనే ఉంది.

పక్కింటి ముసలాయన గ్రాహం ఒకప్పుడు అడవుల్లో పనిచేసినవాడు. ఒక మధ్యాహ్నం పొయ్యిలోకి కట్టెలు తెచ్చిచ్చి, కిటికీ మీద నన్ను చూసి ముచ్చటపడ్డాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచాడు. ఇది ఇక్కడ పనిచేయదు, అన్నాడు. భూగోళం కింది సగంలో అయస్కాంతం ముల్లును కిందికి లాగే తీరు వేరట. మీ దేశానికి తగ్గట్టు తూకం వేసిన ముల్లు ఇక్కడ తోక వాల్చి ఇరుక్కుపోతుందట. అప్పుడు ఇంటి పక్కనున్న కొండ వైపు వేలు చూపించాడు. ఉత్తరం అదీ, మా దేశంలో ఎండ వచ్చేది అటునుంచే, నీ ఇంటికీ ఎండకీ మధ్య కొండ అడ్డమొచ్చింది, అని ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన సత్తిరాజుకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు.

ఆ సాయంత్రం హైమావతి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే సత్తిరాజు చెప్పేశాడు.

"ఈ దిక్సూచినేం అనకు హైమా. నువ్వు ఫోను చూపించేవు, పుస్తకంలో రాసి చూపించేవు. చూడాల్సింది నేను. చూళ్ళేదు."

ఆమె అతని చేయి పట్టుకుని అలాగే కూర్చుంది. నన్ను కిటికీలోంచి విసిరేస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను. తప్పు నాది, నేను కావాలని చేసినది. ఆ నింద కూడా అతనే తీసేసుకున్నాడు. నాకు అదీ దక్కలేదు.

నేపియర్ ఆశ్రమంలో నర్సు చోటు మళ్ళీ ఖాళీ అయ్యేసరికి ఇంకో నెల పట్టింది. ఈసారి అక్కడ చూసిన మొదటి ఇంటి ముందు హైమావతి ఆగిపోయింది.

"ఏవండీ, ఇదీ దక్షిణం గుమ్మమే. మీకు మనసొప్పకపోతే ఇంకోటి చూద్దాం."

నేను అతని జేబులో ఉన్నాను. అతను నన్ను బయటికి తీయలేదు. లోపలికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, తివాచీ మీదా గోడల మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. "పొడిగా ఉంది" అన్నాడు. ఆ రోజే తాళంచెవులు తీసుకున్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం భీమవరం నుంచి హైమావతి అన్న ఫోను చేశాడు. ఫోటోలు చూశాడట. గొంతు గదంతా వినిపించింది.

"దక్షిణం గుమ్మం ఏంటి బావా! ఊరందరికీ దిక్కులు చెప్పినోడివి, నీకేమైంది? దిక్సూచి పెట్టి చూడలేదా?"

"దక్షిణమేనని తెలుసు బావా. తెలిసే తీసుకున్నాను. పాప పడుకుంది, కాస్త మెల్లిగా మాట్లాడు."

ఫోను పెట్టేసి తన్మయి పక్కన కూర్చున్నాడు. వంగి, ఆమె వీపు మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని అలా ఉండిపోయాడు. ఇరవయ్యేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా అంత శ్రద్ధగా పట్టుకోలేదు అతను. ఆరేళ్ళ పిల్ల ఊపిరిని చూసి నాకు కుళ్ళు పుట్టింది. సిగ్గేసింది. అయినా పోలేదు. కుళ్ళుకుంటూనే నేనూ విన్నాను. ఈల లేదు.