షాఫ్టుని కొయ్యకూడదు

స్నానానికి వెళ్లేముందు కుక్కర్ బొమ్మ చెరిపేసి పొమ్మని వంటింట్లోంచి అమ్మ కేకేసింది. మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న కూతురు నిన్న సాయంత్రం దాన్ని నిలువునా కోసినట్టు గీసింది. ఆ పిల్ల ఏ వస్తువుని అలా గీసినా అసలు వస్తువే సగానికి తెరుచుకుని, బొమ్మలో కోసినచోట నింపిన ఏటవాలు గీతలు చెరిపేదాకా అలాగే ఉండిపోయేది. సగం కుక్కర్లో అన్నమెలా వండాలని అమ్మ గొణుగుడు. పక్కింటావిడ లోపలేం పాడైందో గీయించి చూసుకుందామని, ఆగిపోయిన గోడగడియారం ఒళ్లో పెట్టుకుని అప్పటికే వచ్చి కూర్చుంది.

కాలేజీలోనూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు చాటుగా మిల్లీమీటరని పిలుచుకునే డ్రాయింగ్ మాస్టారికి కూడా వస్తువులు తెరుచుకోవడంతో పేచీ లేదు. ఆయన పేచీ అంతా షాఫ్టు దగ్గరే. యంత్రాన్ని కోసి చూపించేటప్పుడు చుట్టూ ఉన్నదాన్నే కొయ్యాలి, మధ్యలో ఇరుసులా తిరిగే షాఫ్టుని నిండుగా వదిలేయాలి. అది పద్ధతి. ఈ పిల్ల దాన్నీ నిలువునా కోసేసేది. ఆయన మార్కులు కోసేసేవారు. అలా పోయినసారి డ్రాయింగ్ తప్పింది. ఈసారీ తప్పితే బ్రాంచి మార్పించి కంప్యూటర్లలో పడేస్తానని నాన్న తెగేసి చెప్పాడు. ఆమెకేమో ఇనుము తప్ప ఇంకో దానిమీద మనసు పోదు.

ఆ రోజు పరీక్షలో వర్క్‌షాపు క్రేన్ కప్పీ గీయమన్నారు. కిటికీలోంచి క్రేన్ ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం దాంతో కొత్త లేత్ మిషన్ని లారీ మీంచి ఎత్తి లోపల దింపాలి. కింద నిలబడి చెయ్యి ఊపేది మాస్టారే. ఆ పని ఆయన ఇంకొకరికి వదలరు.

ఆమె బుద్ధిగా కప్పీని కోసి షాఫ్టుని వదిలేసింది. బయట కప్పీ చక్కగా తెరుచుకుంది. ఇంక లేచి వెళ్లిపోతే పాసే. పెన్సిలు కింద పెట్టింది గానీ, లోపలేముందో చూడకుండా లేవబుద్ధి కాలేదు. మళ్లీ తీసుకుని షాఫ్టు మీద కూడా గీతలు లాగేసింది.

మాస్టారు వచ్చి నెత్తిమీద నిలబడ్డారు.

"మళ్లీ కోశావూ?"

"కోశాను సార్. ఒక్కసారి బయటికి చూడండి."

షాఫ్టు నిలువునా తెరుచుకుని ఉంది. కప్పీ మాటున, పైకి కనబడని చోట, నల్లటి పగులు సగం మందం దాటి పాకింది. మాస్టారు పగులునీ, దాని కింద తాను నిలబడబోయే చోటునీ చూశారు. ఆయనకి భయమేసింది. లేత్ మిషన్ని లారీ మీదే ఉంచమని అటెండరుతో కబురు పంపి, ఎర్ర పెన్ను తీశారు.

"పద్ధతి పద్ధతే. షాఫ్టుకి మార్కులు కోసేశాను. అవి పోను పాసయ్యావు."

ఆమె గీతలు చెరపబోతే వద్దన్నారు. కొత్త షాఫ్టు వేసేదాకా అలాగే ఉండాలన్నారు. కాగితం మూల 'తనిఖీ చేసినవారు' అన్న గడిలో ఎప్పుడూ ఆయన సంతకమే ఉంటుంది. ఈసారి కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెన్ను చేతికిచ్చారు.

"ఇక్కడ నువ్వు పెట్టమ్మా."

ఆమె పెద్ద అక్షరాలతో పెట్టింది.

మధ్యాహ్నం మాస్టారు రోజూలాగే ఇంటికెళ్లి భోంచేసి, కాసేపు కునుకు తీశారు.