అడవి నుంచి వచ్చిన రాతి ముఖం

పసుపు రాసి కుంకుమ పెట్టిన ఆ రాతి ముఖాన్ని చూస్తే నాకు రోత పుట్టింది.

సింగపూర్ పుంగ్గోల్‌లో మా ఫ్లాట్, ఆదివారం సాయంత్రం. గ్వాటెమాలాలో బ్యాంకు ప్రాజెక్టు ముగించుకుని మా ఆయన కౌశికూ, వెంట వెళ్ళిన నేనూ తిరిగొచ్చి నెల కావస్తోంది. ఐటీ వాళ్ళని ఏ మూలకంటే ఆ మూలకి విమానం ఎక్కిస్తున్న రోజులవి. ఫోటోలు చూస్తామని యీషున్ నుంచి మాకు తెలిసిన కేశవరావు అంకుల్, హైమావతి ఆంటీ పులిహోర డబ్బాతో దిగారు.

గ్వాటెమాలాలో సెలవు రోజుల్లో ఎస్తెబాన్ అనే గైడు మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్ళాడు. టికెట్లు అమ్మే గుళ్ళకి కాదు. ఎవరూ తవ్వని, బాగుచెయ్యని మాయా నాగరికత నాటి పాత ఊరికి. మట్టిగుట్టలనుకున్నవన్నీ మెట్ల గోపురాలే. పడబోయే గోడల్ని చెట్ల వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయి. దోమలూ బురదా సంగతి చెప్పక్కర్లేదు. ఒక గోడమీద, నాచులోంచి ఓ ముఖం మావైపు చూసింది. నేను చెయ్యి చాపాను.

"తాకొద్దు మేడమ్. మా పెద్దలు వీళ్ళు" అన్నాడు ఎస్తెబాన్, టోపీ తీసి. అతని మర్యాదకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

పోయిన వారం అతను ఫోన్ చేశాడు. ఆ ముఖాన్ని ఎవరో పెకలించుకుపోయారట. దొంగల్ని తెచ్చింది నువ్వేనని పోలీసులు అతని లైసెన్సు లాక్కుని, జైల్లో వేస్తామంటున్నారట.

"మావాళ్ళు రాయి కనిపిస్తే దణ్ణం పెడతారు, పెకలించరు" అని అతనికి గొప్పగా చెప్పాను.

ఈ సాయంత్రం ఫోటోలు చూశాక కౌశిక్ బీరువా మీంచి తువ్వాలు మూట దింపి టీపాయ్ మీద విప్పాడు. అదే ముఖం. చెవి పక్కన కొత్తగా విరిగిన తెల్లటి అంచు.

"అచ్చం మన కాలభైరవుడే!" అంటూ ఆంటీ కుంకుమ భరిణె అందుకుంది. నేను తేరుకునేలోగా పసుపూ బొట్టూ అయిపోయాయి. అంకుల్ అగరొత్తి కూడా వెలిగించాడు.

"ఎలా ఊడదీశారు?" అన్నాను.

"గుడారం మేకుతో నాలుగు పోట్లు. నువ్వూ ఎస్తెబానూ కునుకు తీస్తున్నారు" అని నవ్వాడు కౌశిక్.

"అతన్ని జైల్లో వేస్తారు. రేపే వెనక్కి పంపిద్దాం."

"బొట్టు పెట్టిన దేవుణ్ణి గడప దాటిస్తావుటే? ఇంటికి అరిష్టం!" అంది ఆంటీ.

"అడవిలో దీపం పెట్టే దిక్కుందా? ఇక్కడే నయం లా. ముందు మకాన్ కానివ్వండి" అన్నాడు అంకుల్ సింగపూర్ యాసలో, పులిహోర పళ్ళెం ముందుకు లాక్కుంటూ.

దొంగసొత్తు ముందు కూర్చుని ముగ్గురూ వేళ్ళు నాకుతూ పులిహోర తిన్నారు. ఛీ!

ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కౌశిక్ వెనకే వచ్చి గొంతు తగ్గించాడు.

"పిచ్చిదానా, అది వచ్చింది నీ పెట్టెలో. నీ చీరల మధ్య. ట్యాగు మీద నీ పేరే ఉంది. బయటపడితే పట్టుకునేది నిన్నే."

"నా పెట్టెలో ఎందుకు పెట్టారు?"

"నాది పట్టుబడితే ఉద్యోగం పోదూ?" అన్నాడు, పంటిలో ఇరుక్కున్న పల్లీ ముక్క తీసుకుంటూ. సిగ్గన్నది ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కనా నేను పడుకున్నది! అతని ముందే నంబరు నొక్కాను.

"ఎస్తెబాన్, ఆ ముఖం నా దగ్గరుంది. నా పెట్టెలోనే వచ్చింది. ఎవరడిగినా నా పేరు చెప్పండి" అన్నాను. పెట్టిందెవరని అడిగాడు.

మా అమ్మ ఇంతవరకూ మొగుడి పేరు పలికి ఎరగదు. నేను ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పాను.