ముట్టకూడని పేనా

ఆయుధపూజ నాడు చెన్నై పురసవాక్కంలోని ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు. బట్టలకొట్టు యజమాని తిరువేంగడం, ఆయన భార్య గోవిందమ్మ, కాలేజీలో సామాజికశాస్త్రం చదివే కూతురు జనని, కొట్లో జాకెట్లు కత్తిరించే ఏకాంబరం, ఇక సునయన. సునయన గోవిందమ్మకు వరసకు తమ్ముడి కూతురు. సూళ్ళూరుపేట దగ్గరి పల్లెలో ఇంటర్ ముగించి, పైచదువు చెప్పిస్తామంటే వచ్చింది. వచ్చి పదిహేను నెలలయింది.

దూరవిద్య బి.ఎ. దరఖాస్తు మీద సంరక్షకుడిగా మామ సంతకం కావాలి. ఆన్‌లైన్లో పంపడానికి ఇవాళే ఆఖరు రోజు. అడగవలసిన మాట నాలుగు రోజులుగా డైరీలో రాసుకుంటోందే గాని నోరు పెగలలేదు. అందుకే అందరూ తమ తమ పనిముట్లు పూజలో పెడుతుంటే, తన కాగితం తీసుకెళ్ళి మామ సంతకం పెట్టే పేనా కింద పెట్టింది. దండం పెట్టుకునేటప్పుడైనా చూస్తాడని.

బట్ట కొలిచే కడ్డీకి, కత్తెరకు, కత్తిపీటకు గంధం పూస్తూ జనని ఎల్లుండి సెమినార్ పాఠం అప్పజెబుతోంది.

"పనిముట్టు ఎవరి సొంతమో చూస్తే చాలు, ఎవరిది ఏ వర్గమో తేలిపోతుంది. కడ్డీ నాయనది. కత్తెరా నాయనదే. ఏకాంబరం అన్నకు సొంతం చేతులే."

"అట్టయితే చేతులు గూడా ఆడ పెట్టేస్తా పాపా. రేపటిదాకా పని చెప్పబాకండి," అన్నాడు ఏకాంబరం. "మరి సునయన పాపది ఏ వర్గం?"

"అది మా మామ కూతురు. వర్గం ఒక నిచ్చెనయితే గౌరవం వేరే నిచ్చెన, దానికి ఇంకో సిద్ధాంతముంది. దుడ్డు లేకపోయినా ఆ నిచ్చెన మీద మాతో సమానం."

సునయన పైట కొస వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

హారతయ్యాక తిరువేంగడం కాగితం లాగాడు. "ఇదేందమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా గోవిందమ్మ తొంగి చూసింది. "ఆదివారాలు క్లాసులా? ఆదివారమేగా ఇంటినిండా మనుషులు! ఈడ ఎవురు చూస్తారంట?"

తిరువేంగడం భార్య వంక చూసి, కాగితం సునయనకు తిరిగిచ్చాడు. "పూజలో పెట్టిన పేనా రేపటిదాకా ముట్టకూడదు గదమ్మా. రేపు చూద్దాం, సరియా?"

"ఇవాళే ఆఖరు, మామా." ఆ మాట ఆమెకే సరిగా వినబడలేదు.

గోవిందమ్మ వంగి, కుంకుమ ఇంకా తడారని కత్తిపీట తీసి ఆమె చేతిలో పెట్టింది. "పోయి గుమ్మడికాయ తరుగు. మధ్యాహ్నం కొట్టోళ్ళంతా అన్నానికొస్తారు."

కడ్డీ, కత్తెర, పేనా పూల కింద చల్లగా పడుకునే ఉన్నాయి.

సునయన రెండు ముక్కలు తరిగింది, లేచింది. కూర్చుని ఇంకో ముక్క తరిగి మళ్ళీ లేచింది. ఒక చేత కాగితం, ఒక చేత కత్తిపీటతో జనని గది ముందు నిలబడింది. లోపల జనని బొట్టు పెట్టని లాప్‌టాప్ మీద టకటకా కొడుతోంది.

"వదినా, నువ్వడిగితే మామ పెడతాడు. పెన్ను నీ దగ్గర ఉంటది గదా."

"ఎల్లుండే సెమినారు తల్లీ, నన్నొదులు."

సునయన కదల్లేదు. "వదినా, ఈ కత్తిపీట ఎవరిది?"

జనని వేళ్ళు ఆగాయి. కత్తిపీటకేసి చూసి, లేచి వచ్చింది. సునయన కాగితం ముందుకు చాచింది.

జనని, కాగితం తలుపు సందున పడి నలక్కుండా, నెమ్మదిగా తలుపు వేసేసింది.