తలకాయల్లేని చేపలు

తలకాయ అడిగిందని బుచ్చవ్వను పనిలోంచి తీసేశారు. మరమగ్గాల అన్నలారా, కాలేజీ తమ్ముళ్లారా, నవ్వకండి, నిజంగా చేప తలకాయే.

చేప కోసిన చేతికి తలకాయ దక్కాలన్నది సిరిసిల్ల పక్క తాతలనాటి రివాజు. జలాశయం ఒడ్డున ఉన్న చేపల షెడ్డులో మాత్రం మూడు నెలలుగా ఒక్క తలకాయా దక్కలేదు. అది అడిగినందుకే అరవై ఏళ్ల మనిషిని గేటు బయటికి నెట్టారు. నెట్టించినవాడు సురేందర్‌రావు. తాత దొర, తండ్రి కంట్రాక్టరు, ఇతగాడు ఎగుమతిదారు. విజిటింగ్ కార్డు మారింది గానీ బుద్ధి మారలేదు.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్లంతా ఆ జలాశయంలో మునిగిన తుమ్మగండి ఊరివాళ్లు. తమ ఊరి మీది నీళ్లలో వల వేసుకుంటామని మొగవాళ్లు సంఘం పెట్టుకుంటే, తుమ్మగండి అనే ఊరు రికార్డులో లేదని దరఖాస్తు తిప్పికొట్టారు. నీళ్లు సురేందర్‌రావుకు కౌలుకు పోయాయి.

ఆ సాయంత్రం పునరావాస కాలనీలో మీటింగు పెట్టారు. ఎప్పటిలాగే మొదట మనవాళ్లు మనవాళ్లనే కరిచారు.

"మన బల్లల మీదికి రాకముందే తలకాయలు కోసి వాచ్‌మన్ దేవయ్యే అమ్ముకుంటుండు," అంది సంగీత.

"నా పిల్లల మీద ఒట్టు. షెడ్డుల తలకాయన్నదే నేను చూడలే," అన్నాడు దేవయ్య.

డబ్బాలకు లేబుళ్లు అంటించే మనీషా లేచింది. "దేవయ్య కాక దొంగ కాదు. చేపలే తలకాయల్లేకుంట అస్తున్నయ్. వేరే దేశంల కొని, ఐసుల గడ్డకట్టించి తెస్తున్నరు. అవచ్చిన డబ్బాల మీదనే, పాత లేబుల్ మీద కొత్తది నేనే అంటిస్తున్న. దాని మీద ఏం రాసుంటదో ఎరికేనా? తుమ్మగండి నీళ్లల్ల పెరిగిన చేప అని."

"గట్లెందుకు?" అన్నాడు దేవయ్య.

"కొనే దేశంతోని మన సర్కారుకు ఒప్పందమున్నది. మన నీళ్లల్ల పెరిగిన చేపకైతే ఆడ టాక్స్ లేదు. ఎక్కడిదో తెచ్చి ఈడ కోసి డబ్బాల పెడితె అది మన చేప కాదు. గా దేశపోళ్లు రేపు తనిఖీకి అస్తున్నరు. ఈడనే పెంచినమని మనం చెప్పాలెనట, వేలిముద్రలెయ్యాలెనట."

మనుషులకు లేని ఊరు చేపలకు ఉంది.

మర్నాడు సురేందర్‌రావు కారు పంపించి మరీ బుచ్చవ్వను పిలిపించాడు. ముసలి ముఖం ఫొటోలో బాగుంటుందట. సిగ్గులేకుండా "అవ్వా" అని కూడా పిలిచాడు.

ఈ చేప ఎక్కడ పెరిగిందని విదేశీ అధికారి దుబాసీతో అడిగించాడు.

"దీని తలకాయ తెప్పియ్యి సారూ. దాన్నే అడుగుదం," అంది బుచ్చవ్వ.

నలభై మంది ఆడవాళ్లు కత్తులు బల్లల మీద పెట్టేశారు. "తలకాయలేవి?" అని ఒక్క గొంతుతో అడిగారు. మనీషా ఒక డబ్బా మీది లేబుల్ గీకింది. కింద ఉన్నది అధికారే చదువుకున్నాడు.

గంటలో పోలీసులు వచ్చారు, దొంగ కోసం మాత్రం కాదు. దేశం పరువు తీశారని బుచ్చవ్వను, మనీషాను జీపెక్కించారు.

"ఏ ఊరు?" అన్నాడు స్టేషన్లో ఎస్సై, పెన్ను తీసి.

"తుమ్మగండి," అంది బుచ్చవ్వ.

"ఆ ఊరు లేదు."

"ఊరు లేకుంటె ఊరోళ్లు నీకెట్ల దొరికిన్రు? రాయి."

విసుక్కుంటూ రాశాడు. ఊరు మునిగాక సర్కారు కాగితం మీద మనుషుల పేర్ల పక్కన తుమ్మగండి ఎక్కడం అదే మొదలు. కిటికీ దగ్గర నిలబడి విన్న దేవయ్య కాలనీకి పరుగెత్తాడు. పొద్దుగూకే లోపు మూడొందల మంది స్టేషన్ ముందున్నారు.

"మమ్ముల గూడ రాయి. మా ఊరు తుమ్మగండే," అన్నారు.

కాగితాలు అయిపోయాయన్నాడు ఎస్సై. సంగీత దుకాణానికి పోయి ఒక దస్తా కాగితాలు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది.

తెల్లారి తుమ్మగండి మొగవాళ్లు వలలతో నీళ్లలోకి దిగారు. ఒడ్డున కాపలా ఉండాల్సిన దేవయ్య ముందు తెప్ప మీద ఉన్నాడు. ఎవరి పర్మిషన్‌తో దిగారని సురేందర్‌రావు మనుషులు గట్టు మీద నుంచి కేకలేశారు.

"మేమేడోళ్లమో స్టేషన్ల రాసున్నది. పోయి సదువుకోన్రి," అని దేవయ్య వల విసిరాడు.